రెండు వానకాలాల ఆయుష్షు: కలకత్తా సమాధుల పరిరక్షణలో పౌరసంఘాలు

కలకత్తా నగరంలో పార్కు వీధి, ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ రహదారిని కలుసుకునే చోట ఎత్తయిన ప్రహరీగోడల మధ్య ఒక పాత శ్మశానవాటిక ఉన్నది. ఈస్టిండియా కంపెనీ కాలంలో, 1767లో దీనిని ప్రారంభించారు. ఆనాడు ఇది ఊరికి వెలుపలి ప్రదేశం. శవయాత్రలు సాగిన బాటకు శ్మశానపు దారి అనే పేరు ఏర్పడింది. ప్రధాన న్యాయమూర్తి సర్ ఎలైజా ఇంపే పెంచిన జింకల వనం మూలంగా అదే తరువాత పార్కు వీధి అయింది. 2004లో దానికి మదర్ థెరిసా పేరు పెట్టారు. వీధి పేర్లు మారాయి గాని సమాధులు కదలలేదు. దక్షిణ పార్కు వీధి శ్మశానవాటికగా చరిత్రకెక్కిన ఈ స్థలంలో నేటికీ సుమారు 1,600 సమాధులు నిలిచి ఉన్నాయి.

అవి నిలిచి ఉండడం యాదృచ్ఛికం కాదు. ఎదుటి వైపున్న ఉత్తర పార్కు వీధి శ్మశానవాటిక ఇరవయ్యో శతాబ్దంలోనే అదృశ్యమయింది. ఇప్పుడు అక్కడ చర్చి, పాఠశాల, ఆసుపత్రి ఉన్నాయి. దక్షిణ వాటికకు ఆ గతి పట్టకుండా కాపాడినది ప్రధానంగా రెండు దేశాలలోని రెండు చిన్న పౌరసంఘాలు.

ఇంగ్లండులోని పల్లె చర్చి ఆవరణలో కనిపించే నిరాడంబరమైన పలకరాళ్లు ఇక్కడ అరుదు. పిరమిడ్లు, సూచీస్తంభాలు, గ్రీకు పద్ధతి స్తంభాలతో కూడిన మంటపాలు, మసీదు గుమ్మటాలను తలపించే కప్పులు ఒకదానినొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉంటాయి. పాలరాయి, గ్రానైటు దూరదేశాల నుంచి రావలసిన వస్తువులు. బెంగాలు ఒండ్రు నేలలో దొరికేది ఇటుక. అందుచేత స్థానిక తాపీ పనివారు ఇటుకతో కట్టి, సున్నపు గచ్చు పూసి, దానికే పాలరాతి నునుపు తెప్పించారు. పాశ్చాత్యుల సమాధులు కాబట్టి ఇవి పాశ్చాత్య శిల్పమేనని తీర్మానించడం తొందరపాటు. రూపకల్పన ఎవరిదైనా, చేతులు బెంగాలీ మేస్త్రీలవి.

ఇక్కడ నిద్రిస్తున్నవారిలో అధికులు యువకులు, బాలింతలు, పసిబిడ్డలు. కొత్తగా వచ్చిన తెల్లవాని ఆయుష్షు రెండు వానకాలాలని కంపెనీవారిలో నానుడి ఉండేది. కలరా, విషజ్వరాలు ఆ మాటను నిజం చేశాయి. కొందరి పేర్లు మాత్రం చరిత్రలో మిగిలాయి. 1784లో ఏషియాటిక్ సొసైటీని స్థాపించి, కాళిదాసు శాకుంతలాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన సర్ విలియం జోన్స్ 1794లో మరణించాడు. ఆయన సమాధిపై లేచిన సూచీస్తంభం ఈ వాటికలోని ఎత్తయిన కట్టడాలలో ఒకటి. వృక్షశాస్త్రోద్యానానికి అంకురార్పణ చేసిన రాబర్ట్ కిడ్, హిందూ దేవాలయాన్ని పోలిన సమాధిలో విశ్రమిస్తున్న చార్లెస్ స్టూవర్ట్, 22 ఏళ్ల వయస్సులో 1831లో కన్నుమూసిన కవి, హిందూ కళాశాల అధ్యాపకుడు హెన్రీ డెరోజియో ఇక్కడివారే. డెరోజియోను పరాయి పాలకుల జాబితాలో చేర్చడం ఎవరికీ సాధ్యం కాదు. బెంగాలులో నవ్య భావాల వేకువకు ఆయన శిష్యులే కారకులు.

తెలుగువారికి ఈ వాటికతో మరింత దగ్గరి సంబంధం ఉన్నది. గ్రామ చరిత్రలను సేకరింపజేసి, కైఫీయతుల రూపంలో మనకు అందించిన కర్నల్ కాలిన్ మెకంజీ ఇక్కడనే సమాధి అయ్యాడు. స్కాట్లండులోని లూయిస్ దీవిలో పుట్టి, 1783లో మద్రాసు చేరిన ఈ సైనిక ఇంజనీరు 1815లో భారతదేశపు ప్రథమ సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆయన సేకరణకు ప్రాణం పోసినవారు కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరులు లక్ష్మయ్య, రామస్వామి. 1803లోనే బొర్రయ్య మరణించినా పని ఆగలేదు. మెకంజీ 1821 మేలో మరణించగా, హెచ్.హెచ్. విల్సన్ ఆ సేకరణకు పట్టిక తయారుచేసి 1828లో కలకత్తాలోనే ప్రచురించాడు. దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో రచించిన రామస్వామి గ్రంథం వెలువడినదీ అదే నగరం నుంచి, 1829లో. దక్షిణాది భాషల వ్రాతప్రతులు మద్రాసుకు తిరిగివచ్చి, సి.పి. బ్రౌన్ శ్రమతో నిలిచాయి.

అమరావతి స్తూపం ముచ్చట కూడా ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. మెకంజీ 1798లో మొదటిసారి దానిని చూచాడు. 1816లో తిరిగి వచ్చేనాటికి శిల్ప ఫలకాలెన్నో కొత్త కట్టడాలకు తరలిపోయాయి, మరికొన్ని సున్నపు బట్టీల పాలయ్యాయి. అడ్డు చెప్పవలసిన సంఘం గాని, చట్టం గాని ఆనాడు లేదు. ఆయన చిత్రకారులు గీసిన బొమ్మలు మాత్రమే ఈనాడు పోయినవాటికి సాక్ష్యం. అటువంటి సాక్ష్యాన్ని మిగిల్చిన వ్యక్తి సమాధికి ఆలనాపాలనా లేకపోతే తెలుగువారికి పట్టదని అనగలమా?

స్వాతంత్ర్యం వచ్చాక ఈ శ్మశానవాటికల యాజమాన్య సమస్య జటిలమయింది. బంధువులు దేశం విడిచి వెళ్లారు. అజమాయిషీ బాధ్యత వహించిన క్రైస్తవ ఖనన మండలికి ఆదాయం స్వల్పం. రావి, మర్రి విత్తనాలను పక్షులు కప్పుల మీద వదలితే, ఒక్క వానకాలంలోనే వేళ్లు ఇటుకల సందుల్లోకి దిగుతాయి. కొమ్మ నరికినంత మాత్రాన లాభం లేదు. వేరును మెల్లగా చంపి, ఖాళీ అయిన సందును వెంటనే సున్నంతో పూడ్చాలి. ఇనుప కటకటాలు, పాలరాతి పలకలు దొంగల పాలయ్యాయి. చదవగలిగే అక్షరాలే లేకుండా పోయిన సమాధి ఎవరిదో చెప్పడం ఎట్లా?

ఈ స్థితిని కళ్లారా చూచినవారిలో కాన్పూరులో జన్మించిన థియోన్ విల్కిన్సన్ ఒకరు. భారతదేశంలోని యూరోపియన్ సమాధులపై 1976లో ఆయన ప్రచురించిన గ్రంథానికి ‘రెండు వానకాలాలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. దక్షిణాసియా శ్మశానవాటికల బ్రిటిష్ సంఘం ఆయన చొరవతోనే లండనులో ఆవిర్భవించింది. దాని పత్రిక పేరు ‘చౌకీదార్’. ఆ సంఘం సభ్యులు మాజీ ఉద్యోగులు, వారి సంతతివారు, వంశచరిత్ర పరిశోధకులు. సభ్యత్వ రుసుములు, విరాళాలతో నడిచే ఈ సంస్థకు భారత భూమిపై ఏ అధికారమూ లేదు. దాని బలం అంతా ఆ లోపంలోనే ఉన్నదనిపిస్తుంది. అధికారం లేదు కనుక స్థానికులను ముందుకు రమ్మని అడగవలసి వచ్చింది. స్థానికంగా పూనుకున్నవారికే అది ధనసహాయం చేస్తుంది. సమాధి శాసనాల జాబితాలను ప్రచురించడం, పత్రాలను బ్రిటిష్ లైబ్రరీలో భద్రపరచడం కూడా దాని కార్యక్రమాలే. కట్టడం కూలినా, అక్షరం మిగలాలన్న ముందుచూపు ఇందులో ఉన్నది.

కలకత్తాలో దీనికి జోడుగా 1978లో భారతదేశ చారిత్రక శ్మశానవాటికల పరిరక్షణ సంఘం ఏర్పడింది. మొక్కలు తొలగించడం, దారులు శుభ్రపరచడం, గోడలు బాగుచేయడం, వాచ్‌మన్‌ను నిలపడం వంటి రోజువారీ పనులు దాని బాధ్యతలయ్యాయి. పత్రికల్లో రాయదగినంత ఘనమైనవేమీ కావు ఇవి. అయినా వారసత్వ పరిరక్షణలో తొంభై పాళ్లు ఇటువంటివే. డంగుసున్నంతో కట్టిన పాత గోడ ఊపిరి పీల్చుకుంటుంది. దానిపై సిమెంటు పూస్తే లోపలి తేమ బయటకు రాలేక ఇటుకనే తినివేస్తుంది. సదుద్దేశంతో చేసిన మరమ్మతు కూడా పాత కట్టడానికి శత్రువు కాగలదు.

ఇదే పద్ధతికి దగ్గరగా 2008లో కోల్‌కతా స్కాటిష్ వారసత్వ ట్రస్టు ఏర్పడి, 1820లో నెలకొన్న స్కాటిష్ శ్మశానవాటిక పునరుద్ధరణకు పూనుకున్నది. ఆ వాటికలో బెంగాలీ క్రైస్తవుల సమాధులు కూడా ఉన్నాయి. పరదేశీయుల స్మృతి అనీ, స్వదేశీయుల స్మృతి అనీ గీత గీయడం అక్కడ మరీ కష్టం.

పౌరుల చొరవ ఇతర దేశాలలో ఎట్లా పుట్టిందో చూస్తే ఆగ్రహమే తొలి ప్రేరణగా కనిపిస్తుంది. ప్రాచీన చర్చిలను కొత్తవిగా తీర్చిదిద్దే పేరిట చెక్కివేస్తున్నారని కోపించి విలియం మోరిస్ 1877లో లండనులో ప్రాచీన కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. న్యూయార్కులో పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్‌ను 1963లో కూల్చడం ప్రారంభించినప్పుడు నిరసన ఫలించలేదు గాని, ఆ పరాభవం నుంచే 1965లో నగరానికి చారిత్రక కట్టడాల చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని 1978లో అమెరికా సుప్రీంకోర్టు సమర్థించగా గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ దక్కింది. మలేసియాలోని పినాంగులో 1986లో ఏర్పడిన వారసత్వ ట్రస్టు దీర్ఘకాలం పనిచేశాక, 2008లో జార్జిటౌను ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

మన దేశంలో 1984లో ఇంటాక్ స్థాపన ఒక మలుపు. కలకత్తాలో వర్తకం చేసి ధనవంతుడైన చార్లెస్ వాలెస్ వీలునామా సొమ్ము ఇంటాక్ పనులకు తోడ్పడడం విశేషం. అదే సంస్థ 1990వ దశకంలో డల్హౌసీ చతురస్రం అంచున ఉన్న కరెన్సీ భవనానికి ఆపద్బాంధవి అయింది. 1833లో కట్టిన ఆ భవనాన్ని కేంద్ర ప్రజాపనుల శాఖ కూల్చడం మొదలుపెట్టగా, ఇంటాక్, నగరపాలక సంస్థ అడ్డుతగిలాయి. అప్పటికే మధ్య హాలు గుమ్మటాలు నేలకొరిగాయి. పురావస్తు శాఖ చేతికి వచ్చిన పిదప పునరుద్ధరించి 2020 జనవరిలో ప్రజలకు తెరచారు. గుమ్మటాలు ఉండిన చోట ఇప్పుడు ఆకాశం కనిపిస్తుంది.

పశ్చిమ బెంగాలు 2001లో వారసత్వ కమిషన్ చట్టం చేసింది. నగరపాలక సంస్థ కట్టడాలను శ్రేణులుగా విభజిస్తుంది. శ్రేణి తగ్గిస్తే కూల్చివేతకు దారి ఏర్పడుతుందన్న ఆందోళన పౌరులలో ఉన్నది. పేరున్న భవంతులే గాక దక్షిణ కలకత్తాలోని మధ్యతరగతి ఇళ్లు, వాటి ఎర్ర అరుగులు, పచ్చని జాలరి కిటికీలు కూడా వారసత్వమేనని నవలాకారుడు అమిత్ చౌధురి 2015లో ఒక ఉద్యమం ప్రారంభించారు. రాజులూ, గవర్నర్లూ నివసించని ఇంటికి చట్టం ఏ ప్రాతిపదికపై రక్షణ ఇవ్వాలన్నది జవాబు కష్టమైన ప్రశ్న.

హైదరాబాదులో 1995 నుంచి వారసత్వ నిబంధనలున్నా, 2015 డిసెంబరులో అవి రద్దయ్యాయి. 2017లో కొత్త చట్టం వచ్చింది. ఎర్రమంజిల్‌ను కూల్చి శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని పౌరులు హైకోర్టులో సవాలు చేయగా, 2019 సెప్టెంబరులో న్యాయస్థానం దానిని కొట్టివేసింది. తీర్పు కూల్చివేతను ఆపగలదు. కప్పు కారకుండా చూడడం, మొక్కలు పీకడం, పగుళ్లు పూడ్చడం తీర్పుల పని కాదు. ఈ రోజువారీ పని చేసే సంఘం అక్కడ ఇంకా బలపడవలసి ఉన్నది.

పార్కు వీధి వాటికలో ఇప్పుడు సందర్శకుల నుంచి స్వల్ప ప్రవేశ రుసుము తీసుకుంటారు. చరిత్ర విద్యార్థులు, చలనచిత్రాలవారు, నీడ కోసం వచ్చే నగరవాసులు సమాధుల మధ్య తిరుగుతుంటారు. ఏటా జూన్‌లో వర్షాలు మొదలవుతూనే కప్పుల మీద రావి మొలకలు తిరిగి కనిపిస్తాయి. వానలు వెలిసిన పిదప నిచ్చెనలతో మనుషులు వచ్చి వాటిని పీకడం, సందులను సున్నంతో పూడ్చడం మళ్లీ మొదలవుతుంది.