బొమ్మ వచ్చి గంట కొట్టే గడియారం

గంట గంటకూ చిన్న తలుపు తెరుచుకుని, లోపలి నుంచి ఒక బొమ్మ బయటికొచ్చి వేళ చెప్పే యంత్ర గడియారాలు ఐరోపాలో శతాబ్దాలుగా ఉన్నాయి. బొమ్మ పక్షి అయితే దాన్ని కుకూ గడియారం అంటారు. గోడకు వేలాడే ఈ ఇంటి వస్తువును జర్మనీ, అమెరికాల్లోని కొన్ని ఊళ్లు ఇల్లంత పెద్దదిగా కట్టుకుని, దాన్నే తమ ఊరి గుర్తుగా మార్చుకున్నాయి. తెలుగు నేల మీద వీటికి దగ్గరి చుట్టం హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని సంగీత గడియారం. డిచ్‌పల్లి, నిజామాబాద్, బోధన్ వైపు నుంచి హైదరాబాద్ టూరుకు వెళ్లే బడి పిల్లలకు చార్మినార్, జూపార్కులతో పాటు తప్పకుండా చూపించేది దీన్నే.

కుకూ గడియారం

ఈ గడియారాలకు పేరు పడ్డ చోటు నైరుతి జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ కొండ ప్రాంతం. చలికాలంలో మంచు కమ్మి వ్యవసాయం ఆగిపోయే ఆ పల్లెల్లో 18వ శతాబ్దం నాటికే చెక్కతో గడియారాలు చేయడం ఇంటి పనిగా స్థిరపడింది. ఇప్పుడు అందరికీ తెలిసిన చిన్న ఇంటి ఆకారం మాత్రం 1850లో వచ్చింది. ఫుర్ట్‌వాంగెన్ గడియారాల పాఠశాల కొత్త నమూనాల కోసం పోటీ పెడితే, ఫ్రెడ్రిక్ ఐసెన్‌లోర్ అనే వాస్తుశిల్పి రైలు మార్గం పక్కన ఉండే కాపలావాడి ఇంటిని గడియారంగా గీసి ఇచ్చాడు.

లోపలి ఏర్పాటు తేలికగానే అర్థమవుతుంది. గొలుసులకు వేలాడే బరువులు మెల్లగా దిగుతూ పళ్ల చక్రాలను తిప్పుతాయి. లోలకం ఆ తిరుగుడును అదుపులో ఉంచుతుంది. గంట పూర్తి కాగానే రెండు చిన్న తిత్తులు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేచి పడతాయి. వాటి గాలి రెండు చెక్క గొట్టాల్లోకి దూరి, ఒకటి హెచ్చు స్వరం, ఒకటి తగ్గు స్వరం పలుకుతుంది. పక్షి నోరు తెరిచినట్టు కనిపిస్తుంది కానీ కూత దాని నోటి నుంచి రాదు.

ఇళ్లంత గడియారాలు

అదే బ్లాక్ ఫారెస్ట్‌లోని షోనాఖ్ గ్రామంలో యోసెఫ్ డోల్డ్ అనే గడియారాల పనివాడు 1980లో మామూలు యంత్రాన్ని అనేక రెట్లు పెంచి, చిన్న ఇల్లంత కుకూ గడియారం పూర్తి చేశాడు. దానికి దగ్గర్లోనే ట్రైబెర్గ్ వద్ద ఏబ్లె కుటుంబం వారి గడియారాల తోటలో 1994లో ఇంకా పెద్దది వచ్చింది. దాని యంత్రం నాలుగున్నర మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు, బరువు 6 టన్నులు. లోలకం పొడవు 8 మీటర్లు, పక్షి బరువు 150 కిలోలు. గిన్నిస్ పుస్తకంలో ప్రపంచంలోకెల్లా పెద్ద కుకూ గడియారంగా నమోదైంది ఇదే. సందర్శకులు లోపలికి నడిచి వెళ్లి పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి పట్టుకుని తిరగడం చూడవచ్చు. పరిమాణం పెంచడంలోని అసలు విలువ ఇక్కడే ఉంది: అరచేతిలో దాగిపోయే యంత్రం పిల్లవాడి కంటికి కూడా అర్థమయ్యేంత పెద్దదవుతుంది.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని విల్మాట్‌లో 1972లో ఒక రెస్టారెంటు ముందు సుమారు 23 అడుగుల ఎత్తున ఇలాంటిదే కట్టారు. తర్వాత దాన్ని షుగర్‌క్రీక్ ఊరి మధ్యకు తరలించి బాగుచేశారు. సంగీతం మొదలవగానే బొమ్మల జంట బయటికొచ్చి నాట్యం చేస్తుంది.

సాలార్‌జంగ్ సంగీత గడియారం

ఇది ఇల్లంత గడియారం కాదు, ఒక గదిలో ఇమిడిపోతుంది. అయినా మూసీ ఒడ్డున ఉన్న ఆ మ్యూజియంలో వేలాది వస్తువుల మధ్య జనం వేళ చూసుకుని మరీ చేరేది దీని ముందుకే. 19వ శతాబ్దానికి చెందిన ఈ గడియారం కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరు మీద ఉంది. 1858లో మొదలైన ఆ కంపెనీ నగలు, వెండి సామాన్లు, గడియారాల వ్యాపారంలో పేరున్నది. దీనిలో 350కి పైగా భాగాలున్నాయి.

గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు గడ్డం ఉన్న ఒక చిన్న మనిషి బొమ్మ తలుపు తీసుకుని బయటికి వస్తుంది. వేళ అయ్యాక ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి తిరిగి లోపలికి వెళ్లిపోతుంది. ఇంకో పక్కన కమ్మరి బొమ్మ సెకనుకో సుత్తి దెబ్బ వేస్తూనే ఉంటుంది. జనం ఎక్కువ చూసేది గడ్డం మనిషినే. నిజానికి ఆగకుండా పని చేసే కమ్మరి మీద కాసేపు చూపు నిలిపితే యంత్రం నడక బాగా తెలుస్తుంది.

మ్యూజియం వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించినవాడు మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889-1949). ఏడో నిజాం కొలువులో కొంతకాలం దివానుగా పనిచేశాడు. ఆయన మరణానంతరం 1951 డిసెంబరు 16న దివాన్ దేవ్‌డీలో జవహర్‌లాల్ నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దీన్ని జాతీయ ప్రాధాన్య సంస్థగా ప్రకటించింది. 1968లో ఇప్పటి భవనంలోకి మారింది. గడియారాల గదిలో ఫ్రాన్స్, ఇంగ్లండ్, స్విట్జర్లాండ్, జర్మనీల నుంచి వచ్చినవి ఉన్నాయి. పక్షి పంజరం ఆకారంలో చేసినవి కూడా వాటిలో కనిపిస్తాయి.

ఈ గడియారానికి పక్కనే, ట్రైబెర్గ్‌లో మాదిరిగా, లోపలి చక్రాల పెద్ద నమూనా ఒకటి ఉంటే టూరుకు వచ్చిన పిల్లలు బొమ్మను చూసి మురిసిపోవడంతో ఆగకుండా అది ఎలా కదులుతుందో కూడా నేర్చుకుని వెళ్తారు.

ఊరి గుర్తులుగా గడియారాలు

బొమ్మలు లేకపోయినా, తెలంగాణలో గడియారం ఊరి గుర్తు కావడం పాత సంగతే. చార్మినార్‌కు 1889లో గడియారాలు అమర్చారు. మహబూబ్ చౌక్ గడియార స్తంభాన్ని 1892లో నాటి దివాను ఆస్మాన్ జా కట్టించాడు. సుమారు 120 అడుగుల సికింద్రాబాద్ గడియార స్తంభం 1897లో ప్రారంభమైంది. ఇప్పటికీ ఆ కూడలి పేరు చెప్పాలంటే ‘క్లాక్‌టవర్’ అంటే చాలు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ గోపురం మీదా గడియారముంది. చేతికి వాచీ లేని కాలంలో ఇవి నగరానికి పనికొచ్చాయి. కీ ఇచ్చేవాడు, భాగాలు సరిచేసేవాడు లేనప్పుడు మాత్రం ఎంత అందమైన స్తంభమైనా ఆగిపోయిన ముళ్లతో నిలబడిపోతుంది. అందుకే ఇలాంటి గడియారాలకు సున్నం, రంగుల కంటే ముందు నడిపించే మనిషిని చూడాలి.

ఇందూరు (నిజామాబాద్) సీమలో పరిస్థితి వేరు. డిచ్‌పల్లికి గుర్తు గుట్ట మీది రామాలయం. కాకతీయుల కాలపు పనితనంగా చెప్పే దాని శిల్పాల వల్ల ‘ఇందూరు ఖజురహో’ అని పేరొచ్చింది. బోధన్‌కు 1937లో మొదలైన నిజాం చక్కెర ఫ్యాక్టరీయే గుర్తు. 2015 డిసెంబరులో అది మూతపడే వరకు చెరుకు క్రషింగ్ సీజన్ వస్తే అక్కడి బతుకులు షిఫ్టుల లెక్కన నడిచాయి.

సందర్శన

నిజామాబాద్, డిచ్‌పల్లి నుంచి బస్సులో వెళ్లేవారు సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచే మెట్రోలో ఎంజీబీఎస్ చేరుకోవచ్చు. మ్యూజియం అక్కడికి దగ్గరే. రైలులో వచ్చేవారికి కాచిగూడ అనువు. శుక్రవారం మ్యూజియానికి సెలవు. ఎక్కువ దెబ్బలు వినాలంటే మధ్యాహ్నం పన్నెండుకు పావుగంట ముందే గడియారం ఎదుట చోటు చూసుకోవాలి.