చీనీ చెట్టుకు కాసిన ఈ చిన్న పుల్లకాయ ఏంటి?

పులివెందుల వైపు చీనీ తోటల్లో అప్పుడప్పుడు ఒక వింత కనిపిస్తుంది. చీనీ చెట్టుకే ఒక పక్క కొమ్మకి నిమ్మకాయంత కాయలు. పండితే కమలా రంగు, తొక్క ఈజీగా వలిచెయ్యొచ్చు. కమలానే అనుకుని నోట్లో వేసుకున్నామా, పళ్లు పులిసిపోతాయి! నర్సరీ వాళ్లు మోసం చేశారని ఒకరంటే, కొత్త రకం దొరికిందని ఇంకొకరు.

నేనైతే కాయ కంటే ముందు చెట్టు మొదలు చూస్తాను. చీనీని విత్తనంతో పెంచరు కదా. వేరే మొండి మొక్క మీద చీనీ కన్ను అంటు కడతారు. ఆ కొమ్మ అంటు ముడి కింద నుంచి వచ్చిందంటే అది చీనీ కాదు, కింది మొక్క. మన దగ్గర అది ఎక్కువగా జంబేరి, లేదంటే రంగపూర్ నిమ్మ. జంబేరి కాయ పసుపు, తొక్క గరుకు. రంగపూర్‌ది తొక్కా, తొనలూ రెండూ నారింజ రంగే. మనం చూస్తున్న కాయ ఇదే.

రంగపూర్ అనేది ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఒక ఊరు. పేరులో నిమ్మ ఉంది గానీ, 2018లో 'నేచర్' పత్రికలో వచ్చిన జన్యు పరిశోధన ప్రకారం ఇది మాదీఫలానికీ కమలా జాతికీ పుట్టిన బిడ్డ. చీనీ ఏమో పంపరపనస, కమలాల సంతానం. అంటే పైనా కిందా చుట్టాలే!

ఇంకో సంగతి. 1930ల చివర్లో బ్రెజిల్‌లో ట్రిస్టెజా అనే వైరస్ జబ్బు వచ్చింది. పోర్చుగీసులో ఆ మాటకి దుఃఖం అని అర్థం. పుల్ల నారింజ వేరు మీద కట్టిన చెట్లు లక్షల్లో చచ్చిపోయాయి. అప్పుడు అక్కడి తోటల్ని నిలబెట్టిన వేరుల్లో ముఖ్యమైనది మన రంగపూరే. ఆ వైరస్‌ని తట్టుకుంటుంది, నీళ్లెద్దడినీ తట్టుకుంటుంది. బోర్లు ఎండిపోయే మన సీమలో దీని విలువ వేరే చెప్పాలా?

పేర్లు కూడా భలే తిరిగాయి లెండి. మనం చీనా పేరుతో చీనీ అంటాం, జర్మన్లు 'చైనా ఆపిల్' అనే అర్థంలో ఆప్ఫెల్‌జీనె అంటారు. కోస్తాలో బత్తాయి. అది బటావియా, అంటే ఇప్పటి జకార్తా, పేరు మీద వచ్చిందని చెబుతారు.

సరే, తోటలో ఏం చెయ్యాలి? అంటు కింద వచ్చే పిలకల్ని లేతగా ఉన్నప్పుడే మొదలంటా తీసెయ్యాలి. వదిలేస్తే బలమంతా అవే లాగేసుకుంటాయి, పైనున్న చీనీ చిక్కిపోతుంది. చాలామంది చెట్టు ఏపుగా ఉందని మురిసిపోయి, ఏళ్ల తరబడి నీళ్లు కట్టి, చివరికి పుల్లకాయలు చూసి కూలబడతారు. అందుకే మొక్క కొనేటప్పుడే అంటు ముడి ఎక్కడుందో చూసుకోండి, నాటేటప్పుడు దాన్ని మట్టిలో పూడ్చకండి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగులో ఎవరి పెరట్లోనైనా అచ్చం ఇవే కాయలతో చెట్టు మొత్తం నిండిపోయి ఉంటే, పైనున్న చీనీ ఎప్పుడో పోయి ఉండొచ్చు. దాన్నుంచి చీనీ కాయలు ఇక రావు. కొట్టెయ్యాలనేం లేదు, పులిహోరకీ పచ్చడికీ ఆ రసం బాగానే పనికొస్తుంది.