ఫ్లవర్‌హార్న్ తిండి మానేసిందా.. ఆస్కార్ పక్కకు ఒరిగిందా? మందు పోసేముందు ఇవి చూడండి!

నిన్నటిదాకా అద్దం దగ్గర వేలు పెడితే చాలు, ఎగబడి వచ్చిన చేప.. ఇవాళ మూలకు చేరి కదలడం లేదు. తిండి వేసినా చూడటం లేదు. అక్వేరియం ఉన్న ఇళ్లల్లో ఇది మామూలే. కంగారుపడి షాపుకు పరుగెత్తడం, మిథిలీన్ బ్లూ సీసా తెచ్చి ట్యాంకులో పోసేయడం కూడా మామూలే. చాలాసార్లు ఈ తొందరపాటే చేప ప్రాణం మీదకు తెస్తుంది. ఎందుకంటే ఆ నీలిమందు ఫిల్టర్‌లో ఉండే మంచి బ్యాక్టీరియానూ దెబ్బతీస్తుంది. అప్పటిదాకా బాగున్న నీళ్లు కూడా పాడైపోతాయి.

ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, డిస్కస్, ఏంజెల్.. చూడ్డానికి వేరువేరుగా ఉన్నా ఇవన్నీ సిక్లిడ్ కుటుంబానివే. మనం కూర వండుకునే తిలాపియా, కేరళ వాళ్ల కరిమీన్ కూడా ఇందులోవే. వీటికి కోపం ఎక్కువ, పిల్లల మీద ప్రేమ ఎక్కువ. మనిషిలా అలుగుతాయి కూడా. కాబట్టి ఇవి చేసే ప్రతి వింత పనినీ రోగం అనుకోకూడదు.

అలకా? జబ్బా?

ఆస్కార్‌నే తీసుకోండి. ట్యాంకు మార్చినా, నీళ్లు ఎక్కువగా మార్చినా, లోపల రాళ్లు అటూ ఇటూ జరిపినా పక్కకు ఒరిగి చచ్చినట్టు పడుకుంటుంది. కొత్తగా పెంచేవాళ్లకైతే గుండె ఆగినంత పనవుతుంది. మొప్పలు నిదానంగా ఆడుతూ, ఒంటి మీద మచ్చలు, వాపు లేకుండా ఉంటే కాస్త ఓపిక పట్టండి. అదే లేచి తిరుగుతుంది.

ఆఫ్రికాలోని మలావీ సరస్సు నుంచి వచ్చిన రకాల్లో ఆడచేప గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. దాదాపు మూడు వారాలు ఏమీ తినదు. గొంతు కింద ఉబ్బినట్టు కనిపిస్తూ, మిగతా చేపలకు దూరంగా ఉంటే అది తల్లి కాబోతోందని అర్థం. అప్పుడు మందు పోశారా.. పిల్లలు పోయినట్టే. గుడ్లు పెట్టిన ఏంజెల్ జంట కూడా దగ్గరకొచ్చిన ప్రతి చేపనూ తరుముతుంది. అది పిచ్చి కాదు, కాపలా.

ముందు నీళ్లు చూడాలి

ఒక్క ప్రశ్నతో సగం విషయం తేలిపోతుంది. తేడాగా ఉన్నది ఒక్క చేపేనా, అన్నీనా? అన్ని చేపలూ ఒకేసారి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నా, రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నా మొదటి అనుమానం నీళ్ల మీదే పెట్టుకోవాలి. టెస్ట్ కిట్ తీసి చూడండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. కొత్త ట్యాంకులో మంచి బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఆ లోపే చేపలన్నీ తెచ్చి వేసేస్తే ఈ తిప్పలు తప్పవు.

ఇంకో పొరపాటు మన ఇళ్లల్లోనే జరుగుతుంది. ఆదివారం కదా అని ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండేస్తారు. నల్లా నీళ్లలోని క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. రెండు మూడు రోజుల్లో చేపలు డల్ అయిపోతాయి. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే కడగాలి.

ఎండాకాలంలో మరీ జాగ్రత్త. నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, అమ్మోనియా విషం పెరుగుతుంది. దానికి తోడు కరెంటు పోయి ఎయిర్ పంప్ ఆగితే పరిస్థితి గంటల్లోనే చేయి దాటుతుంది. నీళ్లలో తేడా కనిపిస్తే మూడో వంతు మార్చేయండి. క్లోరిన్ తీసిన నీళ్లే, అదే వేడిలో ఉన్నవే పోయాలి.

మరి ఒక్కటే తేడాగా ఉంటే? తోక చిరిగి, హీటర్ వెనకో, పైన మూలనో నక్కి ఉంటే దాన్ని పక్క చేప కొడుతోందన్నమాట. ఆ రెండింటినీ విడదీయడమే దీనికి మందు.

ఈ గుర్తులుంటే ఆలస్యం వద్దు

నీళ్లు బాగున్నాయి, గొడవల్లేవు.. అయినా తేడాగానే ఉందా? అప్పుడు ఒళ్లు పరీక్షగా చూడండి. ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలుంటే అది వైట్ స్పాట్. చుక్కలు పోగానే మందు ఆపేస్తే మళ్లీ వస్తుంది, ఎందుకంటే ఆ పరాన్నజీవి చేపను వదిలి నీళ్లలో ఈదే దశలోనే మందుకు చస్తుంది. పొట్ట ఉబ్బి, తెల్లటి దారంలా విసర్జన వస్తూ తిండి మానేస్తే కడుపులో జబ్బు. నాచు తినే మలావీ చేపలకు రోజూ బ్లడ్‌వర్మ్స్ పెట్టే ఇళ్లల్లో ఈ ముప్పు ఎక్కువ. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, డిస్కస్ తల మీద చిన్న గుంటలు పడితే నీటి శుభ్రత, తిండి రెండూ సరిచేస్తూ వైద్యం మొదలుపెట్టాలి. ఇక ఒళ్లంతా ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకుంటే మాత్రం లోపలి అవయవాలు దెబ్బతిన్నట్టే, ఆ దశలో బతకడం కష్టం.

ఏ మందైనా సరే, జబ్బు చేపను వేరే తొట్టిలోకి మార్చి వాడటం మేలు. వైట్ స్పాట్ మాత్రం అలా కాదు, మెయిన్ ట్యాంకుకే వైద్యం చేయాలి. డాక్టర్ దగ్గరకో, అనుభవం ఉన్న పెంపకందారు దగ్గరకో వెళ్లేటప్పుడు చేప కదలికల వీడియో, ఆ రోజు టెస్ట్ కిట్ రీడింగ్, చివరిసారి నీళ్లు ఎప్పుడు మార్చారో తేదీ పట్టుకెళ్లండి.