మన తాతలను అడగకుండా చేసిన చట్టం

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంది, ఓపిక పట్టి చదవండి.

మన గ్రూపులో లంబాడా పిల్లలం ఉన్నాం, కోయ, ఎరుకల పిల్లలం ఉన్నాం. ఊళ్ళో ఏదన్నా పోతే ముందుగాల తండా దిక్కు, గూడెం దిక్కు చూసే మనుషులను మనమంతా చూసినోళ్ళమే. ఆ చూపుకు సర్కారు ముద్ర పడిన రోజు ఒకటి ఉంది: 1871 అక్టోబర్ 12. ఆ రోజు వైస్రాయ్ కౌన్సిల్ చేసిన 27వ చట్టం పేరు నేరస్థ తెగల చట్టం.

కౌన్సిల్ అంటే మనకు అసెంబ్లీ లాంటిది గుర్తొస్తది. అట్లాంటిది కాదు. 1861 చట్టం ప్రకారం చట్టాల పనికి 6 నుంచి 12 మంది అదనపు సభ్యులను వైస్రాయే నియమించేవాడు. అందులో సగం మందన్నా సర్కారు ఉద్యోగులు కానివాళ్ళు ఉండాలి, అంతే. ఒక్కరు కూడా ఓట్లతో గెలిచినోళ్ళు కాదు. లోపలికి పోయిన మన దేశపోళ్ళు ఎక్కువగా రాజులు, జమీందార్లు. సర్కారును ప్రశ్న అడిగే హక్కు కూడా 1892లోనే వచ్చింది. ఎవరి మీద చట్టం చేస్తున్నరో వాళ్ళ తరఫున మాట్లాడేటోడు ఆ గదిలో లేడు.

అప్పుడు వైస్రాయ్ లార్డ్ మేయో, న్యాయ సభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. కౌన్సిల్లో నడిచిన వాదన ఏందంటే, ఈ దేశంలో నేతపని, వడ్లపని తండ్రి నుంచి కొడుక్కి వస్తయి కదా, నేరం కూడా అట్లనే కులవృత్తిగా వస్తదని. మన దేశపు కుల పద్ధతినే తీసుకొని మన మీదికే తిప్పిన్రు.

చట్టం ఎట్ల పనిచేసేదో చూడండి. ఫలానా తెగ నేరాలకు అలవాటు పడ్డదని రాష్ట్ర ప్రభుత్వం నమ్మితే వైస్రాయ్ కౌన్సిల్‌కు రిపోర్టు పంపాలి. అనుమతి వస్తే ప్రకటన. ఇక ఆ తెగ వాళ్ళ పేర్లన్నీ రిజిస్టరులో ఎక్కుతయి. ఊరు దాటాలంటే పాసు, లేకుంటే శిక్ష. అన్నిటికన్నా ఘోరం, ఆ ప్రకటన సరైందా కాదా అని ఏ కోర్టూ అడగొద్దని చట్టంలోనే రాసిపెట్టిన్రు.

నాలుగో సెక్షన్ మనం ఆగి చదవాలి. ఒకచోట నిలవని తెగ అయితే, వాళ్ళు చేసే పని నిజంగా బతుకుదెరువా, నేరాలు చేయడానికి వేసిన వేషమా అని ప్రభుత్వం తన అభిప్రాయం రాయాలంట! ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ తిరగడమే బతుకైన మన లంబాడా తాతలకు ఈ మాట ఎంత ప్రమాదమో ఆలోచించండి. 1792, 1799 మైసూరు యుద్ధాల్లో ఇంగ్లీషు సైన్యానికి తిండిగింజలు మోసింది బంజారాల ఎద్దులే. అప్పుడు వాళ్ళ తిరుగుడు వేషం కాలేదు. తర్వాత రైలు వచ్చింది. సికింద్రాబాద్ నుంచి వరంగల్, డోర్నకల్ మీదుగా బెజవాడకు 1889 నాటికి పట్టాలు పడ్డయి. మన మానుకోట స్టేషను ఆ లైను మీదిదే. పెరికెలు మోసే ఎద్దులకు పని పోయింది. పని పోయినోళ్ళ పేరు పక్కన అధికారుల పుస్తకాల్లో అనుమానం అనే మాట వచ్చి కూర్చుంది.

కురవి అప్పుడు నైజాం ఏలుబడిలో ఉంది, కాబట్టి కలకత్తా చట్టం ఇక్కడ నేరుగా నడవలేదు. మొదట ఉత్తరాదిన పెట్టిన్రు. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు దాకా తెచ్చిన్రు. అక్కడ ఎరుకల వాళ్ళ మీద గట్టిగా పడ్డది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్ల పుట్టిన సెటిల్‌మెంటే. దానికి మద్రాసు గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టిన్రు. పేరు దొరదే గానీ, సినిమాల్లో దొంగల ఊరన్న చెడ్డపేరు మాత్రం మన ఎరుకల అన్నలకే మిగిలింది.

స్వాతంత్ర్యం వచ్చినాక అనంతశయనం అయ్యంగార్ కమిటీ ఈ చట్టం తీసెయ్యమన్నది. 1952 ఆగస్టు 31న తీసేసిన్రు. అందుకే ఆ రోజు విముక్త దినం. కానీ మనిషి మీద నిఘా పోలేదు. అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చినయి, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. తేడా ఏందంటే ఇందులో తెగ పేరు రాయరు, మనిషి పేరే రాస్తరు. ఆ మనుషులు ఏ తండాలోళ్ళు, ఏ గూడెమోళ్ళు అని మాత్రం ఎవరూ అడగరు.

2024 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్ళలో కులం చూసి పని పంచే నిబంధనలు చెల్లవని చెప్పింది. విముక్త తెగల వాళ్ళను పుట్టుకతోనే నేరస్థులుగా చూసే రాతలను కూడా తప్పు పట్టింది. అంటే 1871 నాటి రాత జైలు పుస్తకాల్లో 150 ఏండ్లు దాటినా బతికే ఉంది. లా చదివే అన్నలు, అక్కలు ఆ తీర్పు తెలుగులో వివరించి ఇక్కడ పెడితే బాగుంటది.

మేం హాస్టల్ పిల్లలం ఒక పని మొదలుపెట్టినం. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మా తండాల్లో యాడీలను, బాపులను అడిగి ఎద్దుల దారులు రాసుకుంటున్నం: ఉప్పు ఎక్కడ నుంచి తెచ్చేటోళ్ళు, ఎక్కడ మకాం వేసేటోళ్ళు, మీద ఏం పాటలు పాడేటోళ్ళు అని. మీ తండాలో, గూడెంలో ఎవరన్నా ముసలోళ్ళకు గుర్తుంటే వాళ్ళు చెప్పింది చెప్పినట్టే కింద రాయండి, గోర్ బోలిలో అయినా సరే, కోయలో అయినా సరే.