అరిగిన విడిభాగాలు చెప్పే చరిత్ర

సూరత్ చరిత్ర అనగానే తపతీ తీరపు రేవు, 1613లో నెలకొన్న ఆంగ్లేయుల వర్తకస్థానం, జరీ పనితనం స్ఫురణకు వస్తాయి. ఆ నగరాన్ని నడిపిన శ్రామికుల చరిత్రకు మాత్రం శాసనాధారాలు లేవు. తెలంగాణలోని నేతపల్లెలలో చేమగ్గం మూలపడగా, మరమగ్గాల పనికై వలస వచ్చిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ మొదలైన పేటలలో స్థిరపడినవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో సైతం ప్రాథమిక పాఠశాలలు నడిపిందంటే ఆ వలస విస్తృతిని గ్రహించవచ్చు. మగ్గం ఆడితేనే కూలి లభించే కార్మికునికి సైకిలు విలాసవస్తువు కాదు. వేళకు పనిలోకి చేర్చే సాధనం.

ఆ సైకిలు రూపం ఇంగ్లండులో ఏర్పడింది. 1880లో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన రోలరు చైను, 1885 నాటి స్టార్లీ 'రోవర్' నమూనా, 1888లో డన్‌లప్ కనుగొన్న గాలి టైరు దానికి మూలాలు. మన నల్లసైకిలు ఆ వారసత్వాన్నే స్వీకరించింది. తయారీదారు ఎవరైనా ముఖ్యభాగాల కొలతలు దాదాపు ఒకటే కావడం వల్ల ఒక కంపెనీ బండికి మరొక కంపెనీ భాగం అమరింది. దాని దీర్ఘాయుష్షుకు కారణమిదే.

రోడ్డు పక్క మెకానిక్కు 'ఓవరాయిలింగు' అని పిలిచే పనిలో ఎంతో శాస్త్రముంది. చైను లంకెలు 24 కొలిస్తే 12 అంగుళాలు రావాలి. పిన్నులు అరిగేకొద్దీ ఆ కొలత పెరుగుతుంది. ఎనిమిదోవంతు అంగుళం హెచ్చినదా, చైను మార్చవలసిందే. ఉపేక్షిస్తే సాగిన చైను ఫ్రీవీలు పళ్లను కొక్కేలవలె అరగదీస్తుంది. ఆపైన కొత్త చైను వేసినా జారిపోతుంది. ఒక భాగానికయ్యే ఖర్చు రెండింటికవుతుంది. హబ్బులో గుంటలు పడిన కోనును, ఉక్కు గోళీలను మార్చి గ్రీజు పెడితే చక్రం మళ్లీ నునుపుగా తిరుగుతుంది. పెడలు తొక్కినప్పుడల్లా 'టక్కు'మని వినిపిస్తే కాటరు పిన్ను నలిగిందేమో చూడాలి. మరమగ్గం శబ్దాన్నిబట్టి లోపాన్ని పసిగట్టే నేతగానికి ఈ భాష కొత్తది కాదు.

2006 ఆగస్టులో తపతీ వరదకు సూరత్‌లో అత్యధిక భాగం నీట మునిగింది. బురదనీరు చొచ్చిన హబ్బులో గ్రీజు నిలువదు, గోళీలు తుప్పుపడతాయి. అయినా ఆ పాతబండిని పూర్తిగా విప్పి, కడిగి, చెడిన భాగాలను మాత్రమే మార్చి తిరిగి నిలబెట్టవచ్చు. సర్వస్వం కోల్పోయిన కుటుంబానికి అది చిన్న ఊరట కాదు.

స్వాతంత్ర్యానంతరం ఈ పరిశ్రమ మన దేశంలో వేళ్లూనింది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్ ఆవిర్భవించాయి. విడిభాగాల వ్యాపారంతో జీవితం ప్రారంభించిన ముంజాల్ సోదరులు 1956లో లూథియానాలో హీరో సైకిల్స్ నెలకొల్పారు. అయితే కర్మాగారాలన్నీ చిరాయువులు కాలేదు. బొంబాయిలోని హింద్ సైకిల్స్, ఆసన్‌సోల్‌లోని సేన్-రాలే సంస్థలను 1980లో ప్రభుత్వం జాతీయం చేసింది. అవి తర్వాత మూతపడ్డాయి. 2020 జూన్ 3న, సరిగా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, అట్లాస్ వారి సాహిబాబాద్ కర్మాగారంలో ఉత్పత్తి నిలిచిపోయింది.

కంపెనీ పోయినా, దాని పేరున్న బండికి చైను, కోను, కాటరు దొరికినంతకాలం చక్రం ఆగదు. నేడు నమూనాకొక కొలతతో వచ్చే బండ్లకు ఆ సౌలభ్యం తగ్గుతున్నది. సరిపడే భాగం దొరకనినాడు చిన్న లోపానికే బండి మూలపడుతుంది. శ్రామికుని ఒకనాటి కూలి పోతుంది. మనం ఉత్పత్తి లెక్కలను భద్రపరిచాము. మరమ్మతు విద్యను నమోదు చేయలేదు. పాతబండ్లను బాగుచేసిన వృద్ధ మెకానిక్కులు మన మధ్య ఉండగానే వారి అనుభవాన్ని గ్రంథస్థం చేయడం చరిత్రకారుల బాధ్యత.