సూరతు ఉక్కు - విశాఖ జలధి

ఇచ్ఛాపురమన్న పేరు వినగానే తెలుగువారికి శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసనున్న పట్టణము స్ఫురించును. ఆయుధముల చరిత్ర చదివినవారికి మఱియొక ఇచ్ఛాపూరు తోచును. అది కలకత్తాకు ఉత్తరమున హుగ్లీ నది చెంత నున్నది. అచ్చట బ్రిటిషు ప్రభుత్వము 1904లో తుపాకుల కర్మాగారమును నెలకొల్పెను. ఈ రెండును గాక మూడవ ఇచ్ఛాపూరు సూరతు నుండి హజీరాకు పోవు బాటపై నున్నది. వంగదేశపు ఇచ్ఛాపూరులో ఆయుధములను చేసినది ప్రభుత్వమే. సూరతు ఇచ్ఛాపూరు దాటి సముద్రము వైపు సాగినచో, ఫిరంగులను, జలాంతర్గాముల ఉక్కు కాయములను తయారుచేసిన ప్రైవేటు కర్మాగారము కనబడును. ప్రభుత్వమునకును పరిశ్రమకును నడుమ ఈ పొత్తు ఎట్లు కుదిరెనో, అందు తెలుగు తీరమునకు గల భాగమెట్టిదో తెలిసికొనదగియున్నది.

ఇట్టి పొత్తు సూరతు ప్రాంతమునకు క్రొత్త కాదు. హజీరాకు చేరువనున్న సువాలీ తీరమున 1612లో ఆంగ్ల నౌకలకును పోర్చుగీసు నౌకలకును పోరాటము జరిగెను. ఆ పిమ్మట ఆంగ్లేయుల వర్తకము సూరతులో వేరూనెను. వారికి దిట్టమైన ఓడలు కావలసివచ్చినపుడు సూరతు వడ్రంగుల నేర్పు అక్కఱకు వచ్చెను. 1736లో లవ్జీ నస్సర్వాన్జీ వాడియా యను పారశీక శిల్పి కొందఱు పనివారితో సూరతు నుండి బొంబాయికి తరలి, ఈస్టిండియా కంపెనీకై నౌకాశాలను తీర్చిదిద్దెను. ఆయన వంశీయులు టేకు కలపతో బ్రిటిషు నౌకాదళమునకు సైతము యుద్ధనౌకలు కట్టియిచ్చిరి. వాటిలో 1817లో జలప్రవేశము చేసిన 'ట్రింకోమలీ' ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో నేటికిని నీటిపై నిలిచియున్నది. అయినను ఇనుప ఓడలును ఆవిరి యంత్రములును వచ్చిన పిదప కొయ్య ఓడలకు ఆర్డర్లు తగ్గెను. పని లేకపోగా ఆ విద్యయు క్రమముగా క్షీణించెను. ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనదగినది.

తెలుగు తీరమున ఆధునిక నౌకానిర్మాణమునకు పూనుకొన్నది సింధియా కంపెనీ. దాని నాయకుడైన వాల్‌చంద్ హీరాచంద్ పట్టుదలచే విశాఖపట్టణమున నౌకాశాలకు 1941 జూన్ 21న డాక్టరు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిరి. మరుసటి యేడు ఏప్రిలు 6న జపాను విమానములు ఆ పట్టణముపై బాంబులు వేసెను. యుద్ధపు చిక్కుల నన్నిటిని దాటి, 1948 మార్చి 14న పండిత నెహ్రూ చేతులమీదుగా 'జల ఉష' సముద్రమున దిగెను. ఒక ప్రైవేటు సంస్థ అంతటి భారమును చిరకాలము మోయజాలకపోయెను. 1952లో ప్రభుత్వము మూడింట రెండు వంతుల భాగమును గైకొనెను. 1961లో హిందూస్థాన్ షిప్‌యార్డు పూర్తిగా ప్రభుత్వపరమయ్యెను.

ఆ నడుమ 1956లో వెలువడిన పారిశ్రామిక విధాన తీర్మానము ఆయుధములు, అణుశక్తి మొదలైన 17 పరిశ్రమలను ప్రభుత్వమునకే ప్రత్యేకించెను. అప్పటి పరిస్థితులలో అంతటి పెట్టుబడిని, అంతటి నష్టభయమును భరింపగల శక్తి ప్రభుత్వమునకే కలదని పెద్దలు తలచిరి. 1984లో మెదకు ప్రాంతపు ఎద్దుమైలారమున స్థాపింపబడిన యుద్ధ వాహనముల కర్మాగారము ఈ విధానమునకు చెందినదే. 2001లో గాని రక్షణోత్పత్తి ద్వారములు ప్రైవేటు పరిశ్రమకు పూర్తిగా తెరువబడలేదు. కాని అంతకు మునుపే ఒక మహాకార్యమున ఉభయుల చేతులును కలియవలసివచ్చెను. అదియే అణుశక్తితో నడచు జలాంతర్గామి నిర్మాణము.

సామాన్యమైన జలాంతర్గామి బ్యాటరీలతో నీటిలో నడచును. వాటిని నింపుకొనుటకు గాలి కావలయును గనుక అది మాటిమాటికి పైకి రావలయును. అణుయంత్రమునకు గాలితో పనిలేదు. కావున అది నెలల తరబడి నీటి యడుగున దాగియుండగలదు. సోవియట్ యూనియను నుండి బాడుగకు తెచ్చిన 'చక్ర' 1988 నుండి 1991 వరకు మన నౌకాదళమున నుండి ఈ విద్యను కొంత నేర్పెను. నడుపుట నేర్చినంత మాత్రమున కట్టుట రాదు. సముద్రమున ప్రతి 10 మీటర్ల లోతునకు చదరపు సెంటీమీటరుపై ఒక కిలో చొప్పున ఒత్తిడి పెరుగును. 300 మీటర్ల లోతున ఒక చదరపు మీటరుపై పడు బరువు 300 టన్నులు. ఆ బరువును సమముగా పంచుకొనుటకే జలాంతర్గామి కాయము గుండ్రముగా నుండును. ఆ గుండ్రమున రవంత వంకర వచ్చినను బలము తగ్గిపోవును. గట్టి ఉక్కు పలకను చల్లగా నున్నపుడే అతికినచో అతుకు చెంత కంటికి కానరాని నెఱ్ఱె పుట్టవచ్చును. అందుచే పలకను ముందుగా వేడిచేసి, ఆ వేడి తగ్గకుండ కాపాడుచు అతుకుదురు. పిమ్మట ఎక్స్‌రేలతోను అతిధ్వని తరంగములతోను అతుకులను శోధింతురు.

ఈ విద్యకు దగ్గరి చుట్టమైన విద్య హజీరాలో నుండెను. 1938లో హోల్క్ లార్సెన్, టూబ్రో యను ఇద్దఱు డేనిషు ఇంజనీర్లు బొంబాయిలో ప్రారంభించిన లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ 1980ల దశాబ్దమున హజీరాలో భారీ యంత్రముల కర్మాగారమును స్థాపించెను. ఎరువుల కర్మాగారములకును చమురు శుద్ధి కర్మాగారములకును వలయు మందపాటి ఉక్కు పాత్రలను అచ్చట చేయుచుండిరి. ఆ పాత్ర లోపలి ఒత్తిడికి ఓర్వవలయును; జలాంతర్గామి వెలుపలి ఒత్తిడికి ఓర్వవలయును. పలకను వంచుట, అతుకుట, శోధించుట యను మూడు పనులును రెంటికిని సమానమే. కావున 'అరిహంత్' కాయపు భాగములను నిర్మించు పని హజీరాకు వచ్చెను. ఆ భాగములు పడమటి తీరము నుండి తూర్పు తీరమునకు, విశాఖలోని నౌకానిర్మాణ కేంద్రమునకు చేరెను. రక్షణ పరిశోధన సంస్థ, అణుశక్తి శాఖ, నౌకాదళము పథకమును నడపెను. అణుయంత్రపు నమూనా కల్పాక్కములో సిద్ధమయ్యెను.

2009 జూలై 26న, కార్గిల్ విజయమునకు పదేండ్లు నిండిన నాడు, శ్రీమతి గురుశరణ్ కౌర్ విశాఖలో కొబ్బరికాయ కొట్టి 'అరిహంత్'కు జలప్రవేశము చేయించిరి. దాని బరువు సుమారు 6000 టన్నులు. 2013 ఆగస్టులో దాని అణుయంత్రము పనిచేయ నారంభించెను. 2016లో నౌకాదళమున చేరి, 2018లో తొలి గస్తీని ముగించెను. ఇట్టి నౌకను స్వయముగా కట్టుకొన్న దేశములలో భారతదేశము ఆరవది. దాని తోబుట్టువైన 'అరిఘాత్' 2024 ఆగస్టు 29న విశాఖలోనే నౌకాదళమునకు అప్పగింపబడెను. పథకము రహస్యమగుటచే, ఆ అతుకులు వేసినవారి పేర్లు పత్రికల కెక్కలేదు.

భూమిపై పోరు సాధనముల విషయమునను హజీరా వెనుకబడలేదు. దక్షిణ కొరియా నమూనాననుసరించి 'వజ్ర' యను స్వయంచాలిత ఫిరంగులను 100 నిర్మించుటకు 2017లో ఒడంబడిక కుదిరెను. 155 మిల్లీమీటర్ల గొట్టము గల ఈ ఫిరంగి ట్యాంకువలె తన చక్రపట్టాలపై తానే నడచును. 2019 జనవరి 19న అందుకై కట్టిన విభాగమును ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ప్రారంభించిరి. నూరవ ఫిరంగి 2021 ఫిబ్రవరిలో సైన్యమునకు అందెను. ఎడారికై ఉద్దేశింపబడిన ఆ ఫిరంగులలో కొన్ని ఆ యేడే లడఖు మంచుకొండల కెక్కెను.

అయితే మఱి నూరు ఫిరంగులకు రెండవ ఒడంబడిక 2024 డిసెంబరులో గాని కుదరలేదు. నడుమ దాదాపు నాలుగేండ్లు గడచెను. ఇంతకంటె పెద్ద పాఠము బొంబాయిలోని మజగాఁవ్ నౌకాశాలది. జర్మను సహాయముతో అచ్చట నిర్మించిన 'శల్కి' 1992లోను, 'శంకుల్' 1994లోను నౌకాదళమున చేరెను. ఆ తరువాత ఆ శాల నుండి మఱియొక జలాంతర్గామి నౌకాదళమున చేరుటకు 2017 వరకు వేచియుండవలసివచ్చెను. ఇరువదిమూడేండ్లలో ఒక వెల్డింగు పనివాని వృత్తిజీవితము చాలవఱకు గడచిపోవును. నేర్చినవాడు వేఱు పనికి పోవును. వాని ప్రక్కన నిలిచి నేర్వవలసిన కుఱ్ఱవాడు నేర్వకయే యుండును. సూరతు వడ్రంగుల వారసుల విషయమున జరిగినది ఇదియే.

ఎరువుల పాత్రను కొనుటకు పదిమంది వత్తురు. యుద్ధనౌకకు, ఫిరంగికి కొనుగోలుదారు మొట్టమొదట ప్రభుత్వమే. కావున పరిశ్రమ యంత్రములను, నేర్పును సమకూర్చినను, ఆ నేర్పును నిలుపు భారము చాలవఱకు ప్రభుత్వముపైననే యుండును. ఆ భారము మంత్రుల ప్రసంగములలోకన్న కచేరీలలోని కాగితములలో నెక్కువగా నున్నది. ఏ గదిలోనో ఒక ఉద్యోగి బల్లపై నొక ఫైలు ఏడాదిపాటు కదలకున్నచో, హజీరాలో నొక పనివాని చేయి ఏడాదిపాటు ఖాళీగా నుండును. ఫైలును సకాలమున కదిలించిన ఉద్యోగి పేరును, అతుకు వేసినవాని పేరువలెనే, పత్రికల కెక్కదు. అయినను విశాఖ సముద్రమున మున్గి తేలు ఆ నౌకలో ఇరువురి పనియు కలిసియే యున్నది.