సూరత్: ఫియట్, అంబాసిడర్, మారుతీ 800.. నిన్నటి వీధుల్లో తిరిగిన కార్లు ఇప్పుడెక్కడ? వాటిని గుర్తుపట్టడం, కాపాడుకోవడం ఎలా?

రాజావారి రోల్స్ రాయిస్‌ను చూడాలంటే మ్యూజియానికి వెళ్తే సరిపోతుంది. డాక్టరు గారి ఫియట్‌ను, కలెక్టరాఫీసు అంబాసిడర్‌ను, పక్కింటివాళ్లు అప్పుచేసి కొన్న మారుతీ 800ని చూడాలంటే మాత్రం అదృష్టం ఉండాలి.

ఒకప్పుడు రోడ్ల నిండా తిరిగినవే ఇప్పుడు అరుదైపోయాయి. సూరత్‌లో అలాంటి కారు కనిపిస్తే ఫొటో తీసుకునేవాళ్లు, నంబరు చూసి అది ఏ ఊరిదో చెప్పేవాళ్లు ఉన్నారు. లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియా ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకైతే ఆ కార్లతో పాటు సొంతూరి జ్ఞాపకాలూ కదులుతాయి.

ఇంతకీ ఏ కారు ఏ కాలానిది? ఎలా గుర్తుపట్టాలి? పాత కారును ఉంచుకోవాలనుకునేవారికి చట్టం ఏం చెబుతోంది?

సూరత్‌లో ఫియట్, తెలుగు ఊళ్లలో అంబాసిడర్

1980ల వరకూ భారత్‌లో కారు కొనాలంటే ప్రధానంగా మూడే కంపెనీలు. హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్, ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫియట్, మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారుచేసిన హెరాల్డ్. లైసెన్సుల కాలం కాబట్టి ఎన్ని కార్లు తయారుచేయాలో ప్రభుత్వమే నిర్ణయించేది. డబ్బు కట్టినవాళ్లు కూడా ఏళ్ల తరబడి వేచి చూడాల్సి వచ్చేది.

వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫ్యాక్టరీ ముంబయిలోని కుర్లాలో ఉండేది. అక్కడి నుంచి సూరత్‌కు దాదాపు 280 కిలోమీటర్లు. ముంబయి టాక్సీ అంటే ఫియట్ అనే రోజుల్లో, ముంబయితో రోజువారీ వ్యాపారం చేసే సూరత్‌కు కూడా ఆ బండే దగ్గరైంది. విడిభాగాలు, దాన్ని విప్పి బిగించగల మెకానిక్‌లు సులభంగా దొరకడం కూడా అందుకు ఒక కారణం.

ఇటలీ ఫియట్ 1100 ఆధారంగా వచ్చిన ఈ కారుకు 1970ల్లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అని, ఆ తర్వాత ప్రీమియర్ పద్మిని అని పేరు మారింది. అయినా జనం నోట్లో అది చివరిదాకా ‘ఫియట్’ గానే మిగిలింది. ముంబయిలో నలుపు, పసుపు రంగుల పద్మిని టాక్సీల శకం 2023 అక్టోబరు చివరలో ముగిసింది. టాక్సీలకు అక్కడున్న 20 ఏళ్ల పరిమితే దీనికి కారణం.

తెలుగు జిల్లాల్లో పరిస్థితి కొంత వేరు. ప్రభుత్వ కార్యాలయాలు, రాజకీయ నాయకులు, పెళ్లిళ్లకు అద్దె బండ్లు.. అన్నింటా అంబాసిడరే. వెనక సీట్లో నలుగురు, ముందు ముగ్గురు, ఒళ్లో పిల్లలు, పైన క్యారియర్ మీద సామాన్లు. గతుకుల రోడ్డు మీద ఇంతమందిని మోయగలగడమే దాని గొప్ప.

అంబాసిడర్ కథ గుజరాత్‌లోనే మొదలైంది

అంబాసిడర్ పేరు వినగానే పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా గుర్తుకొస్తుంది. కానీ హిందుస్థాన్ మోటార్స్ 1942లో పుట్టింది గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో. విదేశాల నుంచి ఓడల్లో వచ్చిన విడిభాగాలను అక్కడ బిగించేవారు. 1948లో కంపెనీ ఉత్తరపారాకు తరలింది.

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా 1950ల చివర్లో అంబాసిడర్ మార్కెట్లోకి వచ్చింది. 2014 మే నెలలో ఉత్పత్తి ఆగిపోయింది. 2017లో ఆ బ్రాండ్ పేరును ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో రూ.80 కోట్లకు కొనుక్కుంది.

అదే కంపెనీకి గుజరాత్‌లోని హాలోల్‌లోనూ ఒక ఫ్యాక్టరీ ఉండేది. తర్వాత అది జనరల్ మోటార్స్ చేతికి వెళ్లింది. 1990ల మధ్యలో ఓపెల్ ఆస్ట్రా అక్కడి నుంచే వచ్చింది. 2017లో జనరల్ మోటార్స్ దాన్ని మూసేశాక, ఎంజీ మోటార్ అక్కడ ఉత్పత్తి ప్రారంభించింది. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరు నుంచి గుజరాత్‌లోని సాణంద్‌కు వచ్చిన టాటా నానో ఫ్యాక్టరీ 2010 జూన్‌లో మొదలైంది. ‘లక్ష రూపాయల కారు’గా పేరుపడిన నానో పదేళ్లు కూడా నిలవలేదు. ఇప్పుడు అది కూడా పాత కార్ల జాబితాలోకి చేరుతోంది.

మగ్గం నుంచి మారుతీ దాకా

నల్గొండ, వరంగల్, కరీంనగర్ వంటి జిల్లాల నుంచి పద్మశాలీలు, ఇతర కులాలవారు పవర్‌లూమ్‌లలో పని కోసం దశాబ్దాల కిందటే సూరత్‌కు వలస వెళ్లారు. వారి పిల్లల కోసం సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం పాఠశాలలు నడుపుతోంది.

ఆ తొలితరానికి కారు తమది కాదు, సేఠ్‌ది. మగ్గాల షెడ్డు ముందు ఫియట్ ఆగిందంటే యజమాని వచ్చాడని అర్థం. కార్మికుడి వాహనం సైకిల్, కాస్త కుదురుకున్నాక లూనా లేదా స్కూటర్. ఊరికి వెళ్లాలంటే వరంగల్ మీదుగా వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్.

మారుతీ 800 ఈ లెక్కను మార్చింది. 1983 డిసెంబరు 14న తొలి కారు తాళాలను అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ దిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్‌కు అందజేశారు. ధర సుమారు రూ.47,500. అప్పటికి అది కూడా పెద్ద మొత్తమే. కానీ పదిహేనేళ్లు గడిచేసరికి అవే కార్లు సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరకడం మొదలైంది. సొంతంగా నాలుగు మగ్గాలు పెట్టుకున్నవాళ్లకు, చిన్న దుకాణం నడిపేవాళ్లకు కారు అందుబాటులోకి వచ్చింది అలాగే.

కొత్త కారుకు ఫొటోలు తీస్తారు, పాత కారుకు లెక్కలు చూస్తారు. అందుకే చాలా కుటుంబాల్లో మొదటి కారు ఫొటో ఆల్బమ్‌లో ఒక మూలన, పెళ్లివారి వెనక సగమే కనిపిస్తుంది.

ఏ కారు ఏదో ఎలా గుర్తుపట్టాలి?

పాత ఫియట్: ముందు తలుపులు వెనక వైపు నుంచి తెరుచుకుంటే అది 1950ల నాటి ఫియట్ 1100. ముంబయి వైపు దీనికి ‘డుక్కర్ ఫియట్’ అని ముద్దుపేరు. డుక్కర్ అంటే పంది. గుండ్రటి వెనుకభాగం వల్ల ఆ పేరొచ్చింది. తలుపులు మామూలుగా తెరుచుకుని, వెనకవైపు పక్కలు కోసుగా ఉంటే అది 1960ల తర్వాతి డిలైట్ లేదా పద్మిని. చాలావాటిలో గేరు కడ్డీ స్టీరింగ్ పక్కనే ఉంటుంది. ఇంజిన్ 1,089 సీసీ.

ప్రీమియర్ 118 ఎన్ఈ: 1980ల మధ్యలో వచ్చింది. చూడటానికి పెట్టెలా చదునుగా ఉంటుంది. శరీరం ఫియట్ 124ది, ఇంజిన్ నిస్సాన్‌ది.

అంబాసిడర్: మొత్తం ఆకారం దాదాపు మారలేదు కాబట్టి ముందుభాగంలోని జాలీని చూడాలి. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా.. ఒక్కోదానికి జాలీ, ఇండికేటర్ లైట్ల అమరిక వేరు. వెనక ‘1800 ఐఎస్‌జడ్’ అని ఉంటే ఇసుజు ఇంజిన్‌తో 1990ల్లో వచ్చిన బండి.

కాంటెస్సా: హిందుస్థాన్ మోటార్స్‌దే. పొడవాటి బానెట్. బ్రిటన్‌లోని వాక్స్‌హాల్ విక్టర్ దీనికి మూలం.

మారుతీ 800: మొదటి తరం బండి అంచులు పదునుగా, డబ్బాలా ఉంటుంది. 1986లో గుండ్రటి మూలలతో రెండో రూపం వచ్చింది. వెనక ‘ఎంపీఎఫ్ఐ’ అని ఉంటే కార్బురేటర్ లేని తర్వాతి మోడల్. ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయింది.

టాటా సియెరా: 1991లో వచ్చింది. రెండు పక్కలా ఒక్కో తలుపే, వెనక పైకప్పు దాకా వంగిన పెద్ద అద్దాలు. ఇదే పేరుతో టాటా 2025 నవంబరులో కొత్త కారును విడుదల చేసింది.

నంబర్ ప్లేటు ఏం చెబుతుంది?

1988 మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చింది. ఇప్పుడు వాడుతున్న ‘రాష్ట్రం కోడ్ - ఆర్టీవో సంఖ్య’ పద్ధతి అప్పటి నుంచే. అంతకుముందు ప్లేట్ల మీద వరుసగా మూడు అక్షరాలు, తర్వాత నాలుగంకెలు ఉండేవి. గుజరాత్ బండ్లకు ‘జీ’తో, ఆంధ్రప్రదేశ్ బండ్లకు ‘ఏ’తో మొదలయ్యేవి. అలాంటి ప్లేటు కనిపిస్తే ఆ కారు 1989 నాటికే రోడ్డు మీద ఉందన్నమాట.

జీజే-05 అంటే సూరత్, జీజే-19 బార్డోలీ, జీజే-21 నవసారి, జీజే-15 వల్సాడ్. తెలంగాణ ఏర్పడక ముందు ఏపీ-36 వరంగల్‌ది, ఏపీ-15 కరీంనగర్‌ది, ఏపీ-24 నల్గొండది. 2014 జూన్ నుంచి తెలంగాణ బండ్లకు టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ వచ్చాయి. సూరత్ వీధిలో ఏపీ-36 ప్లేటున్న మారుతీ కనిపిస్తే, కనీసం 2014 నాటికే వరంగల్‌లో రిజిస్టరైన బండి అని చెప్పొచ్చు.

అయితే, ప్లేటు చెప్పేది రిజిస్ట్రేషన్ సంగతే. తయారైన నెల, సంవత్సరం కచ్చితంగా తెలియాలంటే ఆర్సీ చూడాల్సిందే.

వరదలో మునిగిన తరం

సూరత్‌లో పాత కార్లు తగ్గిపోవడానికి వయసు ఒక్కటే కారణం కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి భారీగా నీరు వదలడంతో తాపీ నది నగరాన్ని ముంచెత్తింది. నగరంలో ఎక్కువ భాగం రోజుల తరబడి నీటిలోనే ఉంది.

మునిగిన కారును వెంటనే స్టార్ట్ చేస్తే సిలిండర్‌లోకి చేరిన నీరు పిస్టన్‌కు అడ్డుపడుతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. వైరింగ్, సీట్లు, బ్రేకులు అన్నీ మార్చాలి. ఆ ఖర్చు పాత కారు విలువను మించిపోతుంది. కొత్త కారుకైతే బీమా ఆదుకుంటుంది. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్న పాత కారుకు సొంత నష్టం కింద ఏమీ రాదు. అలాంటప్పుడు తుక్కు వ్యాపారికి అమ్మేయడమే మిగిలిన దారి.

వరద తప్పినవాటికీ సముద్రపు గాలి, వానాకాలపు తేమ ఉన్నాయి. తలుపుల అడుగుభాగం, కాళ్లకింది రేకు ముందుగా తుప్పు పడతాయి. పాత కారు కొనేవాళ్లు రంగు చూసి కాదు, మ్యాట్ ఎత్తి చూసి కొనాలని చెప్పేది ఇందుకే.

చట్టం ఏం చెబుతోంది?

దిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ వాహనాలపై వచ్చిన ఆంక్షలు చూసి, దేశమంతటా ఇదే నిబంధన అనుకునేవాళ్లు చాలామంది. అది దిల్లీ, దాని పరిసర ప్రాంతాలకు సంబంధించినది. సూరత్‌లో కారు వయసును బట్టి నిషేధం లేదు.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఇందుకు ఫారం 25 సమర్పించాలి. ఈ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి రూ.600 నుంచి రూ.5,000కు పెరిగింది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని రూ.10,000 చేశారు.

వాహనాల తుక్కు విధానాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2021 ఆగస్టు 13న గుజరాత్‌లో జరిగిన పెట్టుబడిదారుల సదస్సులోనే ప్రకటించారు. దీని ప్రకారం పాత కారును అధీకృత కేంద్రంలో తుక్కుకు ఇస్తే, కొత్త కారు ధరలో 4 నుంచి 6 శాతం వరకు తుక్కు విలువ దక్కుతుంది. కొత్త సొంత కారు రోడ్డు పన్నులో 25 శాతం వరకు రాయితీ ఇవ్వాలని రాష్ట్రాలకు కేంద్రం సూచించింది.

మధ్యలో చిక్కుకున్న కార్లు

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న కార్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఫీజు రూ.20,000. పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలు, ర్యాలీల వంటి సందర్భాల్లోనే రోడ్డెక్కాలి. రోజువారీ వాడకానికి వీల్లేదు.

సామాన్యుడి కారుకు చిక్కు ఇక్కడే వస్తోంది. మారుతీ 800 తొలి కారుకు 50 ఏళ్లు నిండేది 2033 డిసెంబరులో. 1990ల జెన్, సియెరా, సియెలోలకు 2040ల దాకా ఆగాలి. అప్పటివరకూ చట్టం దృష్టిలో అవి వారసత్వం కాదు, వయసు మీరిన బండ్లు. ప్రతి ఐదేళ్లకు ఫిట్‌నెస్, పెరిగిన ఫీజు, దొరకని విడిభాగాలు. బంగళాలో షెడ్డు ఉన్నవాళ్లు ఈ మధ్యకాలాన్ని దాటించగలరు. ఇంటిముందు సందులో కారు నిలుపుకునేవాళ్లకు అది కష్టం.

అహ్మదాబాద్ దగ్గర కఠ్‌వాడాలోని ఆటో వరల్డ్ మ్యూజియంలో సంపన్నుల, సంస్థానాధీశుల కార్లు భద్రంగా ఉన్నాయి. వడోదరలోని లక్ష్మీవిలాస్ ప్యాలెస్‌లో 2023 జనవరిలో వింటేజ్ కార్ల ప్రదర్శన ఘనంగా జరిగింది. లక్షల కుటుంబాలను మోసిన కార్లకు అంత ఆదరణ లేదు. ఎక్కువగా తయారైనందుకే వాటిని దాచుకోవాలని ఎవరికీ తోచదు.

ఉంచుకోవాలనుకుంటే ఏం చేయాలి?

రిజిస్ట్రేషన్ గడువు ముగియడానికి 60 రోజుల ముందు నుంచే పొడిగింపునకు దరఖాస్తు చేయవచ్చు. గడువు దాటనివ్వకపోవడం మంచిది.

తెలుగు రాష్ట్రాల నంబరున్న కారును సూరత్‌లో 12 నెలలకు మించి వాడితే అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాలి. ముందుగా పాత ఆర్టీవో నుంచి ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం తీసుకోవాలి.

గుజరాత్‌లో చాలా పాత పెట్రోల్ కార్లు సీఎన్‌జీ కిట్‌తోనే బతుకుతున్నాయి. కిట్ వివరాలు ఆర్సీలో నమోదై ఉండాలి. సిలిండర్‌కు మూడేళ్లకోసారి ఒత్తిడి పరీక్ష తప్పనిసరి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత కార్లలోని రబ్బరు పైపులు, కార్బురేటర్ వాషర్లు దీనికోసం తయారైనవి కావు. వాటిని ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చుకోవాలి. పాత ఇంధనానికి రూపొందించిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదిక అంచనా వేసింది.

బండిని నెలల తరబడి కదపకుండా ఉంచకూడదు. వారానికోసారైనా కాసేపు నడపాలి.

ఇవన్నీ చేయలేనివారు కనీసం కారును అమ్మేముందు నంబరు కనిపించేలా ఒక ఫొటో తీసి, ఆర్సీ నకలు దాచుకోవచ్చు. ఏ సంవత్సరం కొన్నారు, ఎంతకు కొన్నారు, మొదట ఎక్కడికి వెళ్లారు అన్నది ఆ ఫొటో వెనక రాసిపెడితే చాలు. సూరత్‌కు వలస వచ్చిన ఒక కుటుంబం ఎప్పుడు, ఎలా నిలదొక్కుకుందో ఆ నాలుగు వాక్యాలు తర్వాతి తరానికి చెబుతాయి.